జైసల్మేర్ డెమ్‌లో (నేల ఎత్తుల ఫైలులో) వాలు అంతా 90 డిగ్రీలే వస్తోంది, ఎందుకు?

తిరుపతి_మ్యాపులు: రాజస్థాన్‌లోని జైసల్మేర్ ప్రాంతానికి ఎస్‌ఆర్‌టీఎమ్ (అంతరిక్ష నౌక రాడార్‌తో కొలిచిన) 30 మీటర్ల గడుల డెమ్ దించుకున్నాను. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో స్లోప్ (వాలు) తీస్తే ఇసుక మైదానం కూడా దాదాపు నిట్టనిలువుగా చూపిస్తోంది. మన తిరుపతి జిల్లాకు వాడే 44ఎన్ జోన్ (దూరాలను మీటర్లలో చూపే యూటీఎమ్ మ్యాపు పట్టీ) అక్కడ పనికొస్తుందా?

రాస్టర్_రెడ్డి: ఫైలు ఇంకా డిగ్రీల్లోనే ఉందండీ. ఎత్తు మీటర్లలో, అడ్డం నిడివి డిగ్రీల్లో ఉంటే వాలు అలాగే వస్తుంది. ముందు వార్ప్ పనిముట్టుతో ఈపీఎస్‌జీ కోడ్ 32642కి, అంటే 42ఎన్ జోన్‌కి, మార్చండి; సెల్ (గడి) సైజు 30 మీటర్లు, రీశాంప్లింగ్ (కొత్త గడులకు ఎత్తు లెక్కకట్టే పద్ధతి) బైలీనియర్, అంటే చుట్టూ ఉన్న గడుల సగటు. నియరెస్ట్ (దగ్గరి గడి ఎత్తునే తీసుకోవడం) పెడితే వాలులో చారలు పడతాయి. 44ఎన్ మొదలయ్యేది 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, కాబట్టి అక్కడికి వద్దు. జోధ్‌పూర్ అయితే 72 దాటింది, 32643, అంటే 43ఎన్, వాడాలి.

చెరువు_గట్టు: జోన్ సరిచేసినా ఎస్‌ఆర్‌టీఎమ్‌తో తృప్తి ఉండదు. అందులో ఎత్తులు పూర్ణాంకాలే, చదునైన నేలలో మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. పైగా అది 2000 ఫిబ్రవరి నాటి కొలత, ఇసుక దిబ్బలు కదులుతాయి. యూరప్ వాళ్ల కోపర్నికస్ 30 మీటర్ల డెమ్ తీసుకోండి, ఓపెన్‌టోపోగ్రఫీ వెబ్‌సైటులో ఉచితం, ఎత్తులు దశాంశాల్లో ఉంటాయి. ఒకదాని ఎత్తుల్లోంచి ఇంకోదాని ఎత్తులు నేరుగా తీసివేసి పోల్చకండి: ఎత్తు కొలిచే సముద్రమట్టం నమూనా ఎస్‌ఆర్‌టీఎమ్‌కి ఈజీఎమ్96, కోపర్నికస్‌కి ఈజీఎమ్2008.

వాగుల గీతలు కూడా తీస్తారా? అయితే ఫిల్ సింక్స్ (డెమ్‌లోని పల్లాలను పూడ్చే పనిముట్టు) గుడ్డిగా నొక్కొద్దు. మన వైపు నీరు చెరువు నిండి అలుగు పారుతుంది. జైసల్మేర్ ఉన్న థార్ ఎడారిలో చాలా పల్లాలకు బయటికి దారే లేదు, నీరు అక్కడే ఇంకి ఆవిరవుతుంది. వాటిని పూడిస్తే సాఫ్ట్‌వేర్ లేని నది గీస్తుంది.

తిరుపతి_మ్యాపులు: 32642తో వాలు సరిగ్గా వచ్చిందండీ. కోపర్నికస్ దించుతున్నాను.