మౌంటెన్ బైక్ ఫ్రేమ్ పగిలింది, వారంటీ ఇవ్వనంటున్నారు. ఏం చేయాలి?

కొండదారి (విశాఖ)
పొద్దుటి నుంచీ ఫోన్ పట్టుకునే కూర్చున్నాను, తల వేడెక్కిపోయింది. ఎవరైనా దారి చెప్పండి. నా మౌంటెన్ బైక్ ఫ్రేమ్ పగిలింది. సీటు గొట్టం, పై గొట్టం కలిసే చోట, వెల్డింగ్ పక్కనే సన్నటి గీత. మట్టేమో అనుకుని తుడిచాను, పోలేదు. ఆదివారం కంబాలకొండ వైపు వెళ్లొచ్చాక చూస్తే వేలిగోరు అందులో తగులుకుంటోంది. ఎత్తు ఎక్కేటప్పుడు టిక్కు టిక్కుమని చప్పుడు కూడా.

ఫ్రేమ్‌కి లైఫ్‌టైమ్ వారంటీ అని మాన్యువల్లోనే రాసుంది. షాపుకి ఫోన్ చేస్తే కంపెనీతో మాట్లాడుకోమన్నారు. కంపెనీ వాళ్లేమో డీలర్ ద్వారానే రావాలన్నారు. మళ్లీ షాపు, మళ్లీ కస్టమర్ కేర్. చివరికి ఒకాయన ‘ఇది వాడకంలో వచ్చిన డ్యామేజీ, వారంటీ రాదు’ అని ఫోన్ పెట్టేశాడు. కనీసం ఫోటో కూడా అడగలేదు! ఇంత డబ్బు పోసి కొన్న బండి. ఎవరికైనా వారంటీలో ఫ్రేమ్ మార్చి ఇచ్చారా?

స్పానర్
మోడల్ ఏంటి? ఏ సంవత్సరం? అల్యూమినియమా, కార్బనా? బిల్లు ఉందా? ఇవేవీ చెప్పకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

పాత స్టీలు
కచ్చితంగా అల్యూమినియమే అయి ఉంటుంది. ఎన్నిసార్లు చెప్పినా మనవాళ్లు బరువు తక్కువని దాని వెంటే పడతారు. స్టీలుకి ఒక హద్దు ఉంది. ఆ హద్దు లోపు ఒత్తిడి పడినంత కాలం లక్షల సార్లు వంగి లేచినా పగుళ్లు రావు. అల్యూమినియానికి ఆ హద్దే లేదు. చిన్న చిన్న కుదుపులు కూడా లోపల పోగుపడుతూనే ఉంటాయి, ఏదో ఒక రోజు బయటపడతాయి. నా క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన స్టీలు) ఫ్రేమ్ మీద మా అబ్బాయి ఇప్పటికీ కాలేజీకి వెళ్తున్నాడు. వారంటీ అని తిరగడం కన్నా గాజువాక ఆటోనగర్‌లో ఆర్గాన్ వెల్డింగ్ చేయించుకోండి, సాయంత్రానికి పనైపోతుంది.

స్పానర్
వెల్డింగ్ వద్దు.

గచ్చిబౌలి ట్రైల్స్
స్పానర్ గారు ఒక్క ముక్కలో చెప్పారు, నేను కారణం చెప్తాను. ఫ్రేమ్ 6061 రకం అల్యూమినియం అయితే, ఫ్యాక్టరీలో వెల్డింగ్ అయ్యాక మొత్తం ఫ్రేమ్‌ని సుమారు 530 డిగ్రీల దాకా వేడిచేసి, ఒక్కసారిగా చల్లార్చి, మళ్లీ 170-180 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచుతారు. టీ6 అనేది ఈ పనినే. గొట్టానికి బలం అక్కడే వస్తుంది. ఆటోనగర్‌లో టార్చి పెట్టగానే ఆ చుట్టుపక్కల మెత్తబడిపోతుంది. అతుకు బాగానే కనిపిస్తుంది, దాని పక్కన మళ్లీ చీలుతుంది. పైగా ఒక్కసారి వెల్డింగ్ పడిందంటే వారంటీ మాట ఇక ఎత్తనక్కర్లేదు.

పాత స్టీలు
7005 రకం అల్యూమినియం అయితే అంత వేడిచేసే పని లేదు. అన్ని అల్యూమినియాలూ ఒకటి కావు.

గచ్చిబౌలి ట్రైల్స్
నిజమే, 7005కి ఆ మొదటి దశ అక్కర్లేదు. కానీ దానికీ వెల్డింగ్ తర్వాత తక్కువ వేడిలో ఉంచాల్సిందే. అది ఆటోనగర్‌లో ఎవరు చేస్తారండీ?

బీచ్‌రోడ్ బండి
వైజాగ్‌లో ఉండేవాళ్లకి నా మనవి ఒకటి. ఉప్పుగాలి సంగతి ఎవరూ పట్టించుకోరు. అల్యూమినియానికి తుప్పు పట్టదంటారు గానీ, లోపల తెల్లటి పొడిలా వచ్చి సీట్‌పోస్ట్ (సీటుని మోసే కడ్డీ) గొట్టానికి కరుచుకుపోతుంది. ఆర్కే బీచ్ పక్క అపార్ట్‌మెంట్లలో బాల్కనీలో పెట్టిన బళ్లు ఎన్ని చూశానో! సుత్తి పెట్టి కొట్టినా పోస్ట్ రాదు. ఏడాదికి ఒకసారైనా బయటికి తీసి, తుడిచి, గ్రీజు రాసి పెట్టండి. ఇంతకీ మీ సీట్‌పోస్ట్ ఎంత లోపలికి ఉంది? సరిగ్గా ఆ జాయింట్ దగ్గర పగిలిందంటే నాకు మొదట వచ్చే అనుమానం అదే.

కొండదారి (విశాఖ)
అల్యూమినియమే, 29 అంగుళాల చక్రాలు, 2022లో కొన్నది. సీట్‌పోస్ట్ మీద ఉండే హద్దు గీత లోపలే ఉంది, పైకి కనపడదు. కొన్న షాపు మూసేశారు. ఇప్పుడు ఫోన్ చేస్తున్నది అదే కంపెనీ వేరే డీలర్‌కి. బిల్లు ఉంది గానీ మా బావ పేరు మీద ఉంది. ఆయన కార్డుకి ఆఫర్ ఉందని ఆయన చేత కొనిపించాం. బండి మొదటి రోజు నుంచీ నేనే తొక్కుతున్నాను.

స్పానర్
బిల్లు వేరే పేరు మీద. కొన్న షాపు లేదు. అసలు సంగతి ఇదన్నమాట.

గచ్చిబౌలి ట్రైల్స్
బావగారి పేరైతే కష్టమే. చాలా కంపెనీల షరతుల్లో ‘మొదటి యజమానికి మాత్రమే’ అని ఉంటుంది. లైఫ్‌టైమ్ అన్నా మొదట కొన్నవారి దగ్గర ఉన్నంత కాలమే. సెకండ్ హ్యాండ్‌లో కొన్నారని వాదిస్తారు.

వినియోగదారు పక్షం
కష్టం ఏమీ లేదు. దయచేసి అతన్ని భయపెట్టకండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(7) చూడండి. వినియోగదారుడంటే డబ్బు కట్టి కొన్నవాడే కాదు, అతని అనుమతితో ఆ వస్తువు వాడుకునేవాడు కూడా. బావగారి చేత ఒక తెల్లకాగితం మీద ‘ఈ సైకిల్ నేను మా బావమరిది వాడకం కోసం కొన్నాను’ అని రాయించి సంతకం పెట్టించండి. లేదంటే ఆయన పేరు మీదే క్లెయిమ్ పెట్టించండి, ఇంకా సులువు. యజమాని ఆయనే, వాడేది మీరు. మారిందేమీ లేదు.

అసలు చిక్కు వేరే. మీకు కాదన్నది ఫోన్లో. ఫోన్లో చెప్పినదానికి రుజువు ఉండదు. ఇవాళే ఈమెయిల్ పెట్టండి, డీలర్‌కీ కంపెనీకీ ఒకే మెయిల్. బిల్లు, సీరియల్ నంబరు, ఫోటోలు జత చేసి, ‘వారంటీ నిరాకరిస్తే ఏ షరతు కింద నిరాకరిస్తున్నారో రాతపూర్వకంగా తెలపండి’ అని అడగండి. ఈ ఒక్క వాక్యం వదలకండి. ఫోటో చూడకుండా ‘వాడకంలో డ్యామేజీ’ అనడం తేలిక. అదే మాట కంపెనీ పేరుతో రాసివ్వాలంటే ముందు ఎవరో ఒకరు బండి చూడాలి.

జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు. మీరు ఉండే ఊళ్లోనే వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. వస్తువు విలువ 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. 2025 జనవరి నుంచి ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. ఫిర్యాదుకి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు గడువు. చాలావరకు అంత దూరం పోదు.

పాత స్టీలు
చట్టం బాగానే ఉంది గానీ, తయారీ లోపమని ఎలా నిరూపిస్తారు? వాడగా వాడగా అలసి పగిలితే అది లోపం ఎలా అవుతుంది? నేను పైన చెప్పింది అదేగా, అల్యూమినియం లక్షణమే అంత.

గచ్చిబౌలి ట్రైల్స్
అన్నా, మౌంటెన్ బైక్ అని అమ్మినప్పుడు రాళ్లదారిలో తొక్కుతారని తెలిసే గొట్టం మందం లెక్కవేస్తారు. దూకుళ్లు, పోటీలు, స్టంట్లు వద్దని షరతుల్లో రాస్తారు, అది వేరు. మామూలు దారిలో తొక్కిన బండి మూడేళ్లకే వెల్డింగ్ పక్కన చీలితే అలసట అని సరిపెట్టుకోకూడదు.

పాత స్టీలు
దాన్నీ దీన్నీ కలపకూడదంటున్నాను. అలసట వేరు, లోపం వేరు.

వినియోగదారు పక్షం
కమిషన్ దాకా వెళ్తే దానికీ దారి ఉంది. చూసి తేల్చలేని లోపమైతే సెక్షన్ 38 కింద ల్యాబ్‌కి పంపిస్తారు. అందుకే ఫ్రేమ్‌ని ఎవరికీ ఊరికే ఇవ్వకండి. ఇస్తే రసీదు తీసుకోండి.

స్పానర్
ఫోటోలు ఇలా తీయండి. స్పిరిట్‌తో తుడవండి. టార్చిలైటు వెలుగు పక్క నుంచి పడాలి, ఎదురుగా కాదు. పక్కన రూపాయి బిళ్ల పెట్టండి. గీత రెండు చివర్లా మార్కర్‌తో చుక్క పెట్టి తేదీ రాయండి. బండి తలకిందులు చేస్తే పెడళ్ల ఇరుసు గొట్టం కింద సీరియల్ నంబర్ ఉంటుంది, అదీ తీయండి. సీట్‌పోస్ట్ బయటికి లాగి పక్కన స్కేలు పెట్టి ఇంకోటి. హద్దు గీత లోపల ఉంటే చాలదు, పోస్ట్ కింది కొస పై గొట్టం జాయింట్ దాటి ఉండాలని చాలా కంపెనీలు రాస్తాయి. వాళ్లు మొదట పట్టుకునేది అదే. బండి తొక్కకండి.

బీచ్‌రోడ్ బండి
పోస్ట్ సులువుగా వచ్చిందా? తెల్లపొడి ఉందా లోపల?

గచ్చిబౌలి ట్రైల్స్
ఇంకో మాట. కొన్ని కంపెనీలు కొత్త ఫ్రేమ్ పంపే ముందు పాతది కోసి ఫోటో పంపమంటాయి. మెయిల్లో ‘ఆమోదించాం’ అని వచ్చేదాకా రంపం ముట్టుకోవద్దు. వచ్చేది ఫ్రేమ్ ఒక్కటే. విడిభాగాలు మార్చే కూలి మీదే. వెనక ఇరుసు పాతది 135 మి.మీ. క్విక్ రిలీజ్ అయి, కొత్తది 148 మి.మీ. బూస్ట్ (ఇంకా వెడల్పాటి రకం) అయితే వెనక చక్రం పట్టదు. ఫోర్క్ మెడ గొట్టం పైనుంచి కింది దాకా ఒకే లావుదా, కింద లావుదా అన్నది కూడా ముందే అడగండి.

కొండదారి (విశాఖ)
థాంక్స్ అండీ అందరికీ. పోస్ట్ బాగానే వచ్చింది, కొస జాయింట్ కింద నాలుగు వేళ్ల దాకా ఉంది. బావ పేరు మీదే మెయిల్ పెట్టాం, ఏ షరతు కింద అని రాసివ్వమన్నాం. ఇవాళ జవాబు వచ్చింది, ఫ్రేమ్ మారుస్తారట. కాకపోతే మీడియం స్టాక్ లేదు, లార్జ్ అయితే వెంటనే పంపిస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

స్పానర్
ఎత్తెంత?

గచ్చిబౌలి ట్రైల్స్
ఎత్తుతో పాటు కాళ్ల లోపలి కొలత కూడా చెప్పండి. పాత ఫ్రేమ్ రీచ్ (పెడళ్ల ఇరుసు నుంచి హ్యాండిల్ మెడ దాకా అడ్డంగా దూరం), స్టాక్ (అదే నిలువుగా ఎత్తు) ఎంతో, కొత్తది ఎంతో చూడాలి. తొందరపడి ఒప్పుకోకండి, మీడియం వచ్చేదాకా ఆగుతామని రాయొచ్చు.

పాత స్టీలు
ఒప్పుకుంటే మళ్లీ అల్యూమినియమేగా.