ఎండల్లో రాళ్ల వాన ఎందుకు? కల్లంల మిర్చి, చేన్ల వరి సంగతేంది?

నర్సంపేట రైతు:
మార్చి, ఏప్రిల్‌ల పొద్దంతా ఎండ మాడ్తది, సాయంత్రం రాళ్లు పడ్తయ్. వానాకాలంల మబ్బు పట్టే ఉన్నా రాయి పడదు. ఎందుకట్ల? మిర్చి ఆరబోసినం, వరి కోతకచ్చింది. ఏం చేయాలె?

హన్మకొండ మబ్బులు:
రాయిని పుట్టించేది ఆ ఎండే అన్నా. కాగిన నేల మీది గాలి జోరుగా పైకి లేస్తుంది. బంగాళాఖాతం తేమ తోడై, పైన పొడి చల్లగాలి ఉన్న రోజు మబ్బు 12 కిలోమీటర్లు దాటి నిలువునా పెరుగుతుంది. సుమారు నాలుగున్నర కిలోమీటర్ల పైనంతా సున్నా డిగ్రీల కిందే. అయినా చినుకులు మైనస్ 20 దాకా నీళ్లుగానే ఉండగలవు. మంచు పలుకు తగిలితే దానికే అతుక్కుని గడ్డకడతాయి. పైకి తన్నే గాలి మోసినంతసేపు రాయి పెరుగుతుంది, మోయలేకపోతే పడుతుంది. పగలగొట్టి చూడండి: గబుక్కున గడ్డకట్టి గాలి బుడగలు చిక్కిన పొర తెల్లగా, నెమ్మదిగా కట్టింది అద్దంలా ఉంటుంది.

వానాకాలంలో సున్నా డిగ్రీల ఎత్తు ఇంకా పైకి పోతుంది, తన్నే జోరూ తక్కువ. చిన్న రాళ్లు దారిలోనే కరుగుతాయి. పైన చలి గట్టిగా ఉంటే ఎండాకాలమే కానక్కర్లేదు, 2022 జనవరిలో మీ నర్సంపేట వైపే మిర్చి పోయింది కదా.

పరకాల సాగు:
రెండున్నర సెంటీమీటర్ల రాయి గంటకు 40 కిలోమీటర్లకు పైనే వేగంతో దిగుతుంది, తల పగులుతుంది. అయినా చెట్టు కిందికి మాత్రం పోవద్దు, అదే మబ్బులో పిడుగూ ఉంటుంది. పశువులనూ చెట్టుకు కట్టొద్దు. గట్టి కప్పున్న ఇంట్లోకి పోవాలి, ఆఖరి ఉరుము విన్నాక అరగంట ఆగాలి.

కల్లం చుట్టూ జానెడు కాలువ తీయండి. మిర్చిని కుప్ప చేసి టార్పాలిన్ కప్పి అంచుల మీద బరువు పెట్టండి. వాన ఆగంగనే తీసేయాలి, లేకపోతే కాయ చెమర్చి బూజు పడుతుంది, తాలు (రంగు పోయిన నాసి కాయ) పెరుగుతుంది. తడిసిన కాయను ఎండిన దాంట్లో కలపొద్దు.

చేన్ల మిర్చికి దెబ్బలోంచి శిలీంధ్రం ఎక్కుతుంది. పండిన కాయ ఏరినంకనే లీటరు నీళ్లకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (శిలీంధ్రం మందు) కలిపి కొట్టండి. కోతకొచ్చిన వరి పడిపోతే ముందు నీళ్లు తీసేయాలి. గింజ మొలకెత్తకుండా లీటరుకు 50 గ్రాముల ఉప్పు కలిపి కంకులు తడిచేలా చల్లాలి. ఎకరాకు 200 లీటర్లయితే 10 కిలోలు.

నర్సంపేట రైతు:
రాలిన వడ్లకు పరిహారం వస్తదా అన్నా?

పరకాల సాగు:
విపత్తు సాయానికి నష్టం 33 శాతం గానీ ఆపైన గానీ ఉండాలి. 2023 మార్చి రాళ్లప్పుడు ప్రభుత్వం ఎకరాకు 10 వేలు ప్రకటించింది, ప్రతిసారీ అంతే వస్తుందని లెక్కేసుకోవద్దు. ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) వచ్చి నష్టం రాసుకునేదాకా దున్నొద్దు, గొర్లను తోలొద్దు. ఫొటోలో కంకుల దగ్గరి చిత్రం ఒకటి, గట్టు, పక్క చేను కనబడేది ఒకటి ఉండాలి. కౌలుకు చేస్తే పట్టాదారును కూడా అప్పుడే పిలిపించండి, పేరు ఎవరిది రాయాలన్న దగ్గరే పేచీ వస్తుంది.