అప్‌డేట్: తాత ఇనుప టోపీ, తమ్ముడి హెల్మెట్

రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన మా తాత ఉక్కు టోపీ మిర్యాలగూడలో మా ఇంట్లో ఉందని, అది ఆర్మీలో ఉన్న మా తమ్ముడి హెల్మెట్ కన్నా గట్టిదా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. తెలిసింది చెప్తాను.

తాతది 1915లో బ్రిటన్‌లో మొదలైన బ్రాడీ రకం. వెడల్పు అంచు పైనుంచి పడే షెల్ ముక్కల కోసం. చెవులు, మెడ మాత్రం బయటికే. తమ్ముడిది కెవ్లార్ లాంటి నార పొరలది. పిస్టల్ తూటాని చాలావరకు ఆపుతుంది. రైఫిల్ తూటాకి మాత్రం రెంటినీ నమ్ముకోలేం.

నన్ను ఆశ్చర్యపరిచింది వేరే. 2020లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు మొదటి యుద్ధం నాటి టోపీలనూ ఇప్పటి దాన్నీ పైనుంచి వచ్చే పేలుడు తాకిడికి పరీక్షించారు. ఆ ఒక్క విషయంలో పాతవి దాదాపు సమానంగా నిలిచాయి, ఫ్రెంచ్ ఏడ్రియన్ టోపీ అయితే నడినెత్తి దగ్గర ఇంకా మెరుగ్గా! దాని పైనున్న శిఖ (నడినెత్తి మీద పొడవుగా ఉండే రేకు పట్టీ) వల్ల కావచ్చని వాళ్ల అంచనా. తూటాలు, ముక్కలు ఆ పరీక్షలో లేవు, వాటిని ఆపడంలో తమ్ముడిదే మెరుగు. కాబట్టి తమ్ముడి గురించి అమ్మకున్న టెన్షన్ కొంత తగ్గింది.

టోపీకి తుప్పు పట్టకుండా ఏం రాయాలో తెలిస్తే చెప్పండి.