5 కిలోల గోంగూర అంటే ఎన్ని వీశెలు?

బ్రాడీపేట కోడలు:
మా అత్తగారి అమ్మగారి వంటల నోటుపుస్తకం దొరికింది. నిల్వ గోంగూరకి లెక్క ఇలా రాసి ఉంది: రెండు వీశెల ఆకు, పదలం ఎండుమిరప, పదలం మీద ఏబులం ఉప్పు, ఏబులం చింతపండు. నేను తెచ్చింది 5 కిలోల ఆకు. వీశె అంటే ఎంతండీ? అడిగిన ప్రతివాళ్ళూ ఒక్కో అంకె చెప్తున్నారు.

కృష్ణలంక కుర్రాడు:
వీశెకి ఐదు శేర్లు. నెట్‌లో శేరు 933 గ్రాములని ఉంది. అంటే వీశె 4.67 కిలోలు. మీ ఆకు ఒక వీశె, పైన ఇంకొంచెం. అంతే అక్కా, సింపుల్.

అరండల్‌పేట లెక్కల మాస్టారు:
బాబూ, కాస్త ఆగు. 933 గ్రాములది 80 తులాల పక్కా శేరు. మన మద్రాసు రాజధాని తూకంలో శేరుకి 24 తులాలే, ఐదు శేర్లకి 120 తులాలు. తులం అంటే పాత వెండి రూపాయి ఎత్తు, 11.66 గ్రాములు. 3 తులాలు పలం, 5 పలాలు ఏబులం, 10 పలాలు పదలం, 40 పలాలు వీశె. గ్రాముల్లో పలం 35, ఏబులం 175, పదలం 350, వీశె 1.4 కిలోలు.

ఇక అమ్మాయి అడిగింది. 5,000 గ్రాముల్ని 35తో భాగిస్తే 143 పలాలు. అంటే మూడు వీశెల రెండు పదలాల మూడు పలాలు.

అసలు ఇంత తిప్పలు అక్కర్లేదమ్మా. పుస్తకంలో ఉన్నదంతా పలాల్లోకి మార్చు: ఆకు 80, మిరప 10, ఉప్పు 15, చింతపండు 5. ఆకులో ఎనిమిదో వంతు మిరప, అంటే 625 గ్రాములు. ఉప్పు 940 గ్రాములు, చింతపండు 310 గ్రాములు. కుర్రాడి వీశెతో పదలాన్ని 350 గ్రాములుగానే తీసుకుని ఉంటే ఉప్పు 280 గ్రాముల దగ్గర ఆగేది. ఆ పచ్చడి బూజు పట్టక ఏం చేస్తుంది!

కృష్ణలంక కుర్రాడు:
సరెండర్ మాస్టారూ 🙏

కొత్తపేట పిన్ని:
ఇంకో మాట. పుస్తకంలో తవ్వ, సోల, మానిక కనిపిస్తే అవి తూకాలు కావు, కొలతలు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. వాటికి గ్రాములు కట్టకండి. సోలెడు కళ్ళుప్పు, సోలెడు మెత్తటి ఉప్పు ఒకే తూకం తూగవు. పాత సోల ఇంట్లో ఉంటే అదే ఉప్పుతో నింపి కాటా మీద పెట్టి చూసుకోండి.

వన్‌టౌన్ వాసి:
తులం మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మా నాయనమ్మ వడ్డాణం పన్నెండు తులాలని పాత కాగితంలో ఉంది. ఓ కొట్లో కాటా వేస్తే 139 గ్రాములు చూపించింది. ఇప్పుడు కొట్లలో తులమంటే 10 గ్రాములు కదా, ఆ లెక్కన 120 ఉండాలి, పైన 19 గ్రాములు ఎక్కడివని మా బాబాయిలు కూర్చున్నారు. ఇంట్లో రెండు రోజులు ఒకటే టెన్షన్. పాత తులంతో వేస్తే పన్నెండుకి 140. అరిగిపోయింది ఒక్క గ్రామే! 1956 చట్టం వచ్చాక, 1958 అక్టోబర్ నుంచి దశలవారీగా కిలోలు వచ్చాయి. అంతకుముందు కాగితమైతే కళ్ళు మూసుకుని 11.66 వేసుకోండి.

గవర్నర్‌పేట ఆయుర్వేదం:
మాస్టారి పలం బజారుకి సరే, మందుకి మాత్రం పనికిరాదు. ప్రభుత్వ ఆయుర్వేద ఫార్ములరీ ప్రకారం గురివింద గింజ ఎత్తు 125 మిల్లీగ్రాములు. ఎనిమిది గింజలు మాషం, 1 గ్రాము. 12 మాషాలు కర్షం, 4 కర్షాలు పలం. అంటే మందుల పలం 48 గ్రాములు, మీ పచ్చడి పలం 35. అర్థశాస్త్రంలో కర్షానికి 80 గురివిందలే, ఫార్ములరీలో 96. కాబట్టి ఏ గ్రంథమో తెలియకుండా గ్రాముల్ని పలాల్లోకి మార్చి పొడి తూచకండి. ద్రవాలకైతే పెద్ద కొలతల్ని రెట్టింపు చేసే ఆనవాయితీ కూడా ఉంది, అది మర్చిపోతే కషాయం పాకమైపోతుంది.

నిజం గురివిందలతో తూస్తామని సరదా పడేవాళ్ళకి: గింజకీ గింజకీ ఎత్తు తేడా ఉంటుంది, పైగా విషం. పిల్లలున్న ఇంట్లో అసలు పెట్టుకోవద్దు.

పట్నంబజారు పత్తి:
మా నాన్నగారి పాత చిట్టాలో బారువల్లో ఉంది సరుకు. పేపర్లో పత్తి ధర క్యాండీల్లో వస్తుంది. రెండూ ఒకటేనా?

అరండల్‌పేట లెక్కల మాస్టారు:
ఇంగ్లీషువాళ్ళు రెంటినీ క్యాండీ అనే రాశారు గానీ తూకం వేరు. మన బారువ 20 మణుగులు, మణుగుకి 8 వీశెలు, మొత్తం 224 కిలోలు. పేపర్లో వచ్చేది బొంబాయి క్యాండీ, 784 పౌన్లు, సుమారు 356 కిలోలు. అదీ గింజ తీసిన దూదికి. చిట్టాలో మణుగులు కూడా రాసి ఉంటే చూడండి, ఇరవయ్యింటికి ఒక బారువ కట్టి ఉంటే మనదే.

బ్రాడీపేట కోడలు:
మిరప 625, ఉప్పు 940, చింతపండు 310 రాసేసుకున్నా. ఆకు ఆరబెట్టక ముందు తూకమా, ఆరాకా?

కొత్తపేట పిన్ని:
కాడలు తీసి, కడగక ముందు తూచమ్మా. ఆరాక తూస్తే ఉప్పు తక్కువైపోతుంది.