కుట్టు మిషన్ దగ్గర మెడ, నడుము నొప్పి: స్టూలు మార్చాలా, బెల్టు పెట్టుకోవాలా?

సూదీదారం:
ఇంటి దగ్గరే బ్లౌజులు కుడతాను. పెళ్లిళ్ల సీజన్‌లో రోజుకి ఏడెనిమిది గంటలు మిషన్ మీదే. మోటారు పెట్టించిన మామూలు నల్ల మిషన్. స్టాండు బల్ల ఎత్తు 30 అంగుళాలు, ప్లాస్టిక్ స్టూలు 16. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, వయసు 43. మధ్యాహ్నానికల్లా మెడ వెనక నుంచి కుడి రెక్క దాకా లాగుతుంది, లేచేటప్పుడు నడుము పట్టేస్తుంది. కటింగ్ నేల మీదే. నిటారుగా కూర్చోమని అందరూ అంటారు. కూర్చున్న రెండు నిమిషాలకే మళ్లీ వంగిపోతాను. నడుము బెల్టు కొంటే పనవుతుందా? తక్కువ ఖర్చులో ముందు ఏది మార్చాలి?

కొలతబద్ద:
బెల్టు సంగతి తర్వాత అక్కా. ముందు టేపు తీయండి. స్టూలు మీద కూర్చుని, భుజాలు వదులుగా వదిలి, మోచేయి మడిచి నేల నుంచి మోచేతి దాకా కొలవండి. మీ ఎత్తుకి 25 అంగుళాలకి అటూ ఇటూగా వస్తుంది. బల్ల 30. అంటే మోచేతి కన్నా బల్ల 5 అంగుళాలు పైన ఉంది. గుడ్డ తోయడానికి భుజాలు పైకెత్తి పట్టుకోవాల్సి వస్తుంది. రెక్క దగ్గర లాగేది అందుకే.

కంప్యూటర్ బల్లకి మోచేతి ఎత్తే సరి అంటారు. దాన్ని మిషన్‌కి పెట్టకండి. కుట్టు దగ్గరగా చూడాలి కాబట్టి బల్ల మోచేతి కన్నా 2–3 అంగుళాలు పైనే ఉండాలి. మరీ కిందికి దిగితే మెడ వంచక తప్పదు. మీకు 18 నుంచి 19 అంగుళాల సీటు కావాలి. వీపు ఆనే గట్టి కుర్చీ అయితే మేలు. కుర్చీ పొట్టిదైతే గట్టి దిండు వేయండి. మెత్తటి స్పాంజి కూర్చోగానే అణిగిపోతుంది, కొలత పోతుంది.

సీటు లేపితే పాదాలు గాల్లో తేలతాయి. చాలామంది ఇక్కడే విసిగి పాత స్టూలుకి వెళ్లిపోతారు. 3 అంగుళాల మందం చెక్క ఒకటి కింద వేసి, మోటారు పెడలూ ఎడమ పాదమూ రెండూ దాని మీదే పెట్టండి. పెడల్ కింద రబ్బరు మ్యాట్ ముక్క అతికిస్తే జారదు. పెడల్ దూరంగా ఉంటే స్టూలు అంచుకి జరిగి కూర్చుంటారు, నడుము గుండ్రంగా అయిపోతుంది. మరీ దగ్గరైతే మడమ లేచిపోయి పిక్క నొస్తుంది. మడమ ఆని, మోకాలు లంబకోణం కన్నా కాస్త తెరుచుకుని ఉంటే సరిపోయినట్టు.

ఇంకోటి, బొడ్డు సూదికి ఎదురుగా ఉండాలి, మిషన్ మధ్యకి కాదు. సూది ఎడమ చివర ఉంటుంది. మధ్యలో కూర్చుంటే రోజంతా ఒంటిని ఎడమకి మెలి తిప్పి కుడుతున్నట్టే.

నల్లమిషన్ రిపేర్:
పై కొలతలు కరెక్టే. కాకపోతే వీపు ఆనే కుర్చీ కొన్నా కుట్టేటప్పుడు ఎవరూ ఆనుకోరు, ముందుకి వంగే ఉంటారు. అందుకే బల్లని మీ వైపుకి కొంచెం వాలుగా పెట్టండి. స్టాండు వెనక కాళ్ల కింద 1 అంగుళం చెక్క ముక్కలు, అలవాటయ్యాక 2. మెడ వంపు తగ్గుతుంది. వాలు పెట్టేముందు మిషన్ తలని బల్లకి పట్టి ఉంచే వెనక కీళ్ల స్క్రూలు బిగించండి, లేకపోతే కదులుతుంది. కత్తెర, బాబిన్లు ఒళ్లోకి దొర్లుతాయి, వాటికి పక్కన గిన్నె పెట్టుకోండి.

కాలితో తొక్కే మిషన్ వాళ్లకో మాట: స్టాండు మొత్తం ఇటుకల మీద ఎత్తితే తొక్కుడు పలకా దాంతోపాటే లేస్తుంది, లాభం లేదు. వాళ్లు సీటుతోనే సర్దుకోవాలి.

లైటు మర్చిపోకండి. వెనక గోడకి ట్యూబ్‌లైటు ఉంటే మీ తల నీడ సరిగ్గా సూది మీద పడుతుంది. నల్ల గుడ్డకి నల్ల దారం అయితే ఇక చెప్పక్కర్లేదు, ముక్కు సూది దగ్గర గుడ్డని నొక్కిపట్టే ఫుట్‌కి తగిలేదాకా వంగుతారు. అడుగున అయస్కాంతం ఉన్న, మెడ వంగే ఎల్‌ఈడీ లైటు ఈ పోత ఇనుము మిషన్‌కి అలాగే అంటుకుంటుంది. సూదికి ఎడమ పక్క నుంచి పడేలా తిప్పండి. 43 అంటున్నారు కాబట్టి చత్వారం కూడా చూపించుకోండి. వెళ్లేముందు కుర్చీ సరిచేసుకుని, కంటికీ సూదికీ మధ్య దూరం కొలిచి ఆ అంకె అద్దాల వాళ్లకి చెప్పండి. చదువుకోవడానికిచ్చే అద్దాలు ఇంకా దగ్గరికి సరిపడేలా ఉంటే, వాటి కోసం మళ్లీ వంగుతారు.

ఫిజియో వరంగల్:
ఎంత బాగా కూర్చున్నా గంటల తరబడి కదలకపోతే నొప్పి వస్తుంది. "సరైన భంగిమ" అని ఒక్కటే ఉండదు, మారుతూ ఉండాలి. ప్రతి బ్లౌజుకీ ఒకసారి, లేదా అరగంటకి ఒకసారి లేవండి. నడుము మీద చేతులు పెట్టి 5–6 సార్లు నెమ్మదిగా వెనక్కి వంగండి. వంగినప్పుడు నొప్పి కాలిలోకి దిగితే ఆపేయండి.

మెడకి: గోడకి వీపు, తల ఆనించి, చూపు దించకుండా గడ్డాన్ని నేరుగా వెనక్కి లాగండి. 5 సెకన్లు ఆపి, 10 సార్లు. గడ్డం ఛాతీకి వంచడం కాదిది, చాలామంది అదే చేస్తారు. ఛాతీకి: గుమ్మానికి రెండు వైపులా ముంజేతులు ఆనించి ఒక అడుగు ముందుకి, 30 సెకన్లు, మూడుసార్లు.

సాగదీతతోనే ఆపితే ఉపశమనం ఆ పూటకే. బలం కావాలి. బోర్లా పడుకుని చేతులు పక్కలకి చాపి, రెక్కలు దగ్గరికి తెచ్చి చేతులు బెత్తెడు లేపండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులు లేపండి. రెండూ 10 చొప్పున రెండు విడతలు, వారానికి మూడు రోజులు. తేడా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. బెల్టు బాగా పట్టేసిన ఒకటి రెండు రోజులు తాత్కాలికంగా వాడొచ్చు, కుట్టినంతసేపూ కాదు.

చేయి తిమ్మిరెక్కి పట్టు తగ్గుతున్నా, కత్తెర జారిపోతున్నా, నడక తూలుతున్నా డాక్టర్‌కి చూపించండి. రాత్రి పడుకున్నా తగ్గని నడుము నొప్పితో జ్వరం, బరువు తగ్గడం ఉంటే ఆలస్యం వద్దు, వెన్నెముక టీబీ కూడా అలాగే మొదలవుతుంది. మూత్రం ఆగిపోవడం, పట్టు తప్పడం, తొడల మధ్య స్పర్శ పోవడం అయితే ఆ పూటే ఆసుపత్రికి.

సూదీదారం:
కొలిచాను, మోచేయి 25 మీద పావు. కటింగ్, హుక్స్ సంగతి?

కొలతబద్ద:
కటింగ్‌కి 34–36 అంగుళాల ఎత్తు బల్ల, నిలబడి. డైనింగ్ టేబుల్ 30 ఉంటుంది, కాళ్ల కింద కదలని గట్టి దిమ్మలు పెట్టి లేపండి. గోడకి ఆనించకండి, నాలుగు వైపులా తిరిగితేనే చాచి వంగక్కర్లేదు. కత్తెర సాన పెట్టించండి, మొద్దుగా ఉంటే భుజం బలమంతా పెట్టాలి. హుక్స్, కాజాలు, హెమ్మింగ్‌కి వీపు గోడకి ఆనించి, ఒళ్లో రెండు దిండ్లు వేసి గుడ్డని పైకి తెచ్చుకోండి. డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు లైటు కొనండి. చెక్క ముక్కలు ఏ వడ్రంగి దగ్గరైనా దొరుకుతాయి.