అర ఎకరం అమ్మి పెద్ద బడికా, ఊరి హైస్కూలుకా? పిల్ల జీవితాన్ని బడే తేలుస్తుందా?

పాప అమ్మ (ఒంగోలు దగ్గర పల్లె):

అందరికీ నమస్కారం. మా పాప ఊళ్ళో మండల పరిషత్ బడిలో అయిదో తరగతి చదువుతోంది. వచ్చే ఏడాది ఆరులో ఎక్కడ వేయాలని ఇంట్లో రోజూ గొడవే. పోయిన వారం విజయవాడ నుంచి ఒక రెసిడెన్షియల్ స్కూలు పీఆర్వో ఇంటికొచ్చాడు. ఏడాదికి రెండు లక్షల డెబ్బై వేలంట, పుస్తకాలు, యూనిఫాం వేరే. ఇప్పుడే సీటు బుక్ చేసుకుంటే పది వేలు తగ్గిస్తామన్నాడు. ఆయన వచ్చి వెళ్ళిన దగ్గర్నుంచి మా ఆయనకు నిద్ర లేదు. అర ఎకరం అమ్మేద్దాం, పిల్ల కంటే పొలం ఎక్కువా అంటారు. మా మామయ్య గారు ఊరి హైస్కూల్లో చదివే ఆర్టీసీలో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. చదివే పిల్ల ఎక్కడున్నా చదువుతుందని ఆయన మాట.

నేను పదితో ఆపేసిన మనిషిని. మా క్లాసులో అందరికంటే బాగా చదివిన అమ్మాయి ఇప్పుడు పొగాకు గ్రేడింగ్‌కు పోతోంది. ఏడో తరగతిలో ఒంగోలు కాన్వెంట్‌కు మారిన ఇంకొకామె బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. ఆమె నాకంటే తెలివైనదేమీ కాదు. అది బడి వల్ల వచ్చిన తేడానా, వాళ్ళ నాన్నకు మారుస్తే మార్చగలిగే స్తోమత ఉండటం వల్ల వచ్చిన తేడానా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కొడిగెనహళ్లి పాత విద్యార్థి:

అమ్మా, నా జవాబు ఒక్కటే. బడే తేలుస్తుంది. నా సంగతి చెబితే మీకే అర్థమవుతుంది.

మాది మడకశిర వైపు ఒక చిన్న పల్లె. మా నాన్న వేరుశనగ చేలల్లో కూలి. ఇంట్లో అచ్చు కాగితం అంటే పంచాంగం ఒక్కటే. కొడిగెనహళ్లి గురుకులంలో సీటొచ్చింది. 1971లో పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకులం పెట్టారు. మరుసటి ఏడాదే తాడికొండ, కొడిగెనహళ్లి మొదలయ్యాయి. పల్లెటూరి పేద పిల్లలను తెచ్చి, తిండీ గుడ్డా ఇచ్చి, మంచి మాస్టర్ల దగ్గర కూర్చోబెట్టడం, అంతే. తర్వాత ఆయన కేంద్రంలో విద్యా శాఖ చూస్తున్న కాలంలోనే నవోదయలు, అంటే కేంద్రం నడిపే హాస్టల్ బడులు, కూడా వచ్చాయి.

అక్కడ నాకు పాఠాలకంటే ఎక్కువ పనికొచ్చింది సీనియర్లు. మాకంటే నాలుగేళ్ళు ముందు చదివిన అన్నలు సెలవుల్లో వచ్చి డార్మెటరీలో కూర్చునేవారు. ఐఐటీ అని ఒకటుందని, దానికి ఫారం ఎక్కడ దొరుకుతుందో, ఎప్పటిలోగా పంపాలో నేను విన్నది అక్కడే. మా ఊళ్ళో ఆ మాట తెలిసిన మనిషి లేడు. అక్కడే ఉండి ఉంటే ఎంత తెలివి ఉన్నా ఆ ఫారం నా చేతికొచ్చేది కాదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు భయమేస్తుంది.

జెడ్పీ లెక్కల మాస్టారు:

గురుకులం అన్నగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఒక చోట పేచీ ఉంది. గురుకులాలు పరీక్ష పెట్టి పిల్లల్ని ఏరుకుంటాయి. జల్లెడ పట్టిన బియ్యం తెచ్చి అన్నంలో రాయి తగల్లేదని వంటవాణ్ణి మెచ్చుకుంటే ఎలా? మా బడికి ఎవరొస్తే వాళ్ళని చేర్చుకుంటాం. వలస పోయి సంక్రాంతికి తిరిగొచ్చిన పిల్లవాణ్ణి కూడా.

అమ్మా, మీరు అడిగిన ప్రశ్ననే మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరీక్షించి చూశారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2008లో మొదలుపెట్టి 180 ఊళ్ళలో చేశారు. సర్కారు బడి పిల్లల్లో ప్రైవేటుకు పోతామన్నవాళ్ళ పేర్లతో లాటరీ తీశారు. పేరొచ్చిన పిల్లల ఫీజు వాళ్ళే కట్టారు. లాటరీ కాబట్టి తెలివైనవాళ్ళంతా ఒకవైపు, మిగతావాళ్ళు ఒకవైపు అయ్యే వీలు లేదు. నాలుగేళ్ళ తర్వాత పరీక్ష పెడితే తెలుగులో, లెక్కల్లో రెండు వర్గాలకూ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటుకు పోయినవాళ్ళు ముందున్నారు, ఎందుకంటే సర్కారు ప్రాథమిక బడిలో హిందీ దాదాపు లేదు.

అందులో నాకు చేదుగా ఉన్న ముక్క కూడా దాచకుండా చెప్పాలి. ఆ ప్రైవేటు బడులు ఒక్కో పిల్లకు పెట్టిన ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. అంటే తక్కువ ఖర్చుతో మాకు సమానంగా చదువు చెప్పారు. మా జీతాలు తెలిసినవాడిగా ఆ అంకె చదివిన రోజు నాకు మనసు బాగాలేదు. అయినా మీ ప్రశ్నకు వస్తే, బడి మార్చినంత మాత్రాన పిల్ల మారదు.

శ్రీకాకుళం జిల్లా పారసంబ నుంచి వచ్చిన రోణంకి గోపాలకృష్ణ గారిని చూడండి. తెలుగు మీడియంలో చదివి, ఏళ్ళ తరబడి ప్రభుత్వ బడి పంతులుగా పనిచేస్తూ, 2016 సివిల్స్‌లో దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. ఏ పెద్ద బడి ఇచ్చింది ఆ ర్యాంకు?

కొడిగెనహళ్లి పాత విద్యార్థి:

మాస్టారూ, వడపోత సంగతి ఒప్పుకుంటాను. అందుకే ఇంకో మనిషి కథ చెబుతా. మా చిన్నాన్న కొడుకు నాకంటే లెక్కల్లో చురుకు. నోటితోనే వడ్డీ లెక్క కట్టేవాడు. ఇద్దరం కలిసే గురుకులం పరీక్షకు తయారయ్యాం. పరీక్ష రోజు వాడికి జ్వరం, రాయలేదు. అప్పటికి ఇద్దరం ఒకే చెట్టు కాయలం, ఒకే ఇంటి తిండి. వాడు ఎనిమిదిలో బడి మానేసి బోరు బండి మీద పనికి పోయాడు. నాకు యాభై దాటాయి, ఇప్పటికీ ఊరెళ్ళినప్పుడు వాడి ముఖంలోకి సూటిగా చూడలేను. వడపోతే అన్నీ చేస్తే వాడి తెలివి ఏమైపోయింది?

మీరు చెప్పిన ప్రయోగం వీధి చివర తక్కువ ఫీజు ప్రైవేటు బడుల మీద జరిగింది. అక్కడ తేడా రాకపోవడంలో వింత లేదు. గురుకులం వేరే సంగతి. మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి, తల్లిదండ్రులు పొలం పనులు చేసుకునేవాళ్ళు. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతుంటే భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్పించారు. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు కూడా నిండకముందే, ఎవరెస్టు మీద నిలబడింది. ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ కూడా ఆమెతో ఎక్కాడు. వాళ్ళు తెలివైనవాళ్ళే, గట్టివాళ్ళే. కానీ కొండ ఎక్కించాలన్న ఆలోచన బడికి రావాలి కదా. పాకాలలో ఎవరికి వచ్చేది?

రోణంకి గారికి నా దండం. కానీ ఆయన ఒక్కరిని చూపించి, ఆయనతో పాటు కూర్చుని చదివి ఎటూ పోలేకపోయినవాళ్ళను లెక్కలోంచి తీసేయకండి.

డాలస్ నుంచి ఒకడు:

పుట్టింది తెనాలిలో, ఇరవై ఏళ్ళుగా ఇక్కడ సాఫ్ట్‌వేర్. ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు చేస్తుంటాను. ఇన్నేళ్ళలో ఒక్కరిని కూడా ఏ స్కూల్లో చదివావని అడగలేదు. కాలేజీ పేరు కూడా మొదటి ఉద్యోగం దాకానే.

మనవాళ్ళు బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ పేరు చెబుతుంటారు. పెద్ద కంపెనీలకు అధిపతులైన సత్య నాదెళ్ల (మైక్రోసాఫ్ట్), శంతను నారాయణ్ (అడోబీ), అజయ్ బంగా (మాస్టర్‌కార్డ్) ముగ్గురూ అక్కడివాళ్ళే, నిజం. కానీ 1923లో ఆ బడి మొదలైందే జాగీర్దార్ల పిల్లల కోసం. నాదెళ్ల గారి నాన్న యుగంధర్ గారు ఐఏఎస్ అధికారి. బంగా గారి నాన్న సైన్యంలో లెఫ్టినెంట్ జనరల్. బడికి పోకముందే ఆ ఇళ్ళలో సగం చదువు ఉంది. అంతెందుకు, నాదెళ్ల గారు ఐఐటీ ఎంట్రన్స్ గట్టెక్కలేదు, మణిపాల్‌లో ఇంజినీరింగ్ చేశారు. దానివల్ల ఆయనకు ఆగిందేమీ లేదు.

ఇక్కడ స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అని ఇద్దరు 2002లో ఒక పరిశోధన రాశారు. అది కాలేజీల మీద, బడుల మీద కాదు. పేరున్న కాలేజీలో సీటు వచ్చి కూడా మామూలు కాలేజీకి వెళ్ళినవాళ్ళను, పేరున్నదానికే వెళ్ళినవాళ్ళను పోల్చారు. తర్వాత సంపాదనలో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. ఒక్క పేద ఇళ్ళ పిల్లల దగ్గర మాత్రం తేడా వచ్చింది. వాళ్ళకు పేరున్న కాలేజీ వల్ల ఆదాయం పెరిగింది. నాకు అర్థమైంది ఇదీ: ఇంట్లో దొరికేది బడి మళ్ళీ ఇస్తే ఒరిగేది తక్కువ. ఇంట్లో లేనిది ఇస్తే మాత్రం జీవితం మారిపోతుంది.

రెసిడెన్షియల్‌లో చదివిన అమ్మాయి:

అక్కా, నేను ఆరు నుంచి పది దాకా అలాంటి హాస్టల్ బడిలోనే చదివాను, పేరు వద్దు. ప్రతి వారం టెస్టు. మార్కులను బట్టి సెక్షన్, సెక్షన్‌ను బట్టి రూము. ఎనిమిదిలో నాకు మార్కులు తగ్గితే సెక్షన్ మార్చారు. నా మంచం, పక్క మంచంలో ఉండే స్నేహితురాలు, మంచి లెక్కల సార్, అన్నీ ఒక్క సాయంత్రంలో పోయాయి. మొదటి సెక్షన్‌కు వచ్చే సార్లు మా సెక్షన్‌కు రారు. అంటే ఒకే బడి, ఒకే ఫీజు, లోపల రెండు బడులు. పీఆర్వో ఈ ముక్క చెప్పడు.

ఇంజినీరింగ్‌లో నా పక్క బెంచీ అమ్మాయి మా మండలంలోని జెడ్పీ హైస్కూలు నుంచి వచ్చింది. ఇద్దరికీ ఒకే కౌన్సెలింగ్‌లో సీటు. ఆమె బడి గురించి చెప్పేటప్పుడు ఖోఖో కోర్టు గురించే చెబుతుంది. మా నాన్న నా స్కూలు అప్పు పోయినేడు దాకా కట్టారు.

పాప అమ్మ (ఒంగోలు దగ్గర పల్లె):

అందరి మాటలూ రాత్రి మా ఆయనకు చదివి వినిపించాను. డాలస్ అన్నయ్యా, మీ మాట దగ్గర ఆగిపోయాను. మాది ఏమీ లేని ఇల్లే. పుస్తకాలంటే బడి పుస్తకాలు, ఒక సెల్‌ఫోన్, అంతే. హోంవర్క్‌లో భిన్నాలు అడిగితే నాకు రావు. మరి మీ లెక్క ప్రకారం మా పాపకే కదా మంచి బడి ఎక్కువ అవసరం? అలాంటప్పుడు పొలం అమ్మడమే న్యాయమా? మా ఆయన కూడా వెంటనే అదే అన్నారు.

డాలస్ నుంచి ఒకడు:

అవునమ్మా, మీ పాపకే ఎక్కువ అవసరం. ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ నేను మంచి బడి అన్నాను, ఖరీదైన బడి అనలేదు. పిల్లకు ఇంటర్ అయ్యాక, హైదరాబాద్ పోయి కోచింగ్ తీసుకోవాల్సి వచ్చినప్పుడు, మొదటి ఉద్యోగం ఆరు నెలలు ఆలస్యమైనప్పుడు ఆ అర ఎకరం ఉంటే ధైర్యం. ఆరో తరగతిలోనే దాన్ని కరగబెట్టేస్తే అసలు సమయానికి చేతిలో ఏమీ ఉండదు.

జెడ్పీ లెక్కల మాస్టారు:

అమ్మా, మీ ప్రశ్న విన్నాక నేను మొదట రాసింది సగమే సరైందనిపిస్తోంది. బడి మార్చినా పిల్ల మారదన్నాను. చెప్పే మనిషి మారితే మారుతుంది. మీ ఊరి హైస్కూల్లో లెక్కల పోస్టు ఖాళీగా ఉంటే నా వాదన పనికిరాదు. కాబట్టి వెళ్ళి చూడండి, గేటు బయటి నుంచి కాదు. లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు టీచర్లు ముగ్గురూ ఉన్నారా? లైబ్రరీ బీరువా తాళం ఎవరి దగ్గర ఉంది, చివరిసారి ఎప్పుడు తీశారు? పోయినేడు పది పాసైన పిల్లలు ఇప్పుడెక్కడున్నారో హెడ్‌మాస్టర్‌కు పేర్లతో సహా తెలుసా? ఈ చివరి ప్రశ్నకు ఆయన తడుముకోకుండా జవాబు చెబితే పిల్లను నిశ్చింతగా పంపండి.

ఇంకో దారి కూడా ఉంది. పాప ఇప్పుడు అయిదులో ఉంది కాబట్టి నవోదయ పరీక్ష రాయొచ్చు, అది అయిదు చదివే పిల్లలకే. ఒక్కో నవోదయలో ఆరో తరగతికి 80 సీట్లు. అందులో 75 శాతం పల్లె పిల్లలవి, మొత్తంలో మూడో వంతు ఆడపిల్లలకు. ఊరి బడిలో చదవడం ఇక్కడ మీ పాపకు బలం. అది రాకపోయినా పది తర్వాత నూజివీడు లాంటి ట్రిపుల్ ఐటీలు ఉన్నాయి. 2008లో పల్లె పిల్లల కోసమే పెట్టారు. జీపీఏ ఇచ్చే రోజుల్లో సర్కారు బడి పిల్లలకు 0.4 పాయింట్లు అదనంగా కలిపేవారు. మా బడి పిల్ల అలా సీటు తెచ్చుకున్న రోజు స్టాఫ్ రూములో మేమంతా ఏడ్చాం.

కొడిగెనహళ్లి పాత విద్యార్థి:

నవోదయ దగ్గర మాస్టారూ నేనూ కలిశాం, సంతోషం. కానీ ఒక మాట. 80 సీట్లు జిల్లా మొత్తానికి. ఆ రోజు జ్వరం వచ్చిన పిల్ల సంగతేంటి అన్న నా బాధ అలాగే ఉంది. ప్రతి మండలానికీ అలాంటి బడి ఎందుకు లేదని మనం అడగాలి. పిల్ల భవిష్యత్తును బడి తేల్చకూడదు, కానీ మన దగ్గర తేలుస్తోంది. ఆ తప్పు పిల్లలది కాదు.

పాప అమ్మ (ఒంగోలు దగ్గర పల్లె):

ఈ రోజు హైస్కూలుకు వెళ్ళొచ్చాను. లెక్కల సార్ ఉన్నారు, సైన్సు మేడం ఉన్నారు. ఇంగ్లీషు పోస్టు ఏడాదిగా ఖాళీ, సోషల్ సారే చెబుతున్నారంట. లైబ్రరీ బీరువా తాళం దొరకలేదు. పది పాసైన పిల్లల సంగతి అడిగితే హెడ్‌మాస్టర్ గారు కుర్చీ దగ్గరికి జరుపుకుని ఒక్కొక్కరి పేరూ చెప్పుకొచ్చారు. ఇద్దరమ్మాయిలకు పెళ్ళిళ్ళు చేసేశారని చెప్పేటప్పుడు కాసేపు ఆగారు.

మా ఆయన ఇంకా ఒప్పుకోలేదు. పీఆర్వోకు ఫోన్ చేసి, మార్కులు తగ్గితే సెక్షన్ మారుస్తారా అని మాత్రం అడిగారు. ఆయన మాట మార్చేశాడంట. పొలం కాగితాలు ప్రస్తుతానికి బీరువాలోకి వెళ్ళాయి. నవోదయ ఫారంలో పాప ఇప్పుడు చదివే బడి హెడ్‌మాస్టర్ సంతకం కావాలన్నారు, రేపు పొద్దున్నే వెళ్తాను. మాస్టారూ, భిన్నాలు పాపకు నేనే చెప్పాలంటే ముందు నేను ఎక్కడ మొదలుపెట్టాలి?

జెడ్పీ లెక్కల మాస్టారు:

నాలుగో తరగతి లెక్కల పుస్తకం తీయండమ్మా. ఒక రొట్టె చేసి నాలుగు ముక్కలు చేయండి, పాపను పక్కన కూర్చోబెట్టుకోండి. మిగతాది సాయంత్రం రాస్తాను.