గైడు తాడు పట్టుకుని ఎక్కిన శిఖరం మనం ఎక్కినట్టా, కాదా?

బల్లార్షా నుంచి ఒక తండ్రి

మా అబ్బాయి అమెరికాలోని డెన్వర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే జూలైలో ఇద్దరు స్నేహితులతో కలిసి వ్యోమింగ్ రాష్ట్రంలోని గ్రాండ్ టీటన్ నేషనల్ పార్కుకు వెళ్లి, ఆ పార్కుకు పేరిచ్చిన 4,199 మీటర్ల శిఖరాన్ని ఎక్కాలని అనుకుంటున్నాడు. అక్కడ కొండమీద రాత్రి బస చేయడానికి అనుమతిపత్రం తీసుకోవాలి గాని, ఎక్కడానికి అనుమతి అక్కర్లేదు, గైడు ఉండితీరాలన్న నిబంధనా లేదు. స్నేహితుల్లో ఒకడు, గైడును పెట్టుకుంటే అది మనం ఎక్కినట్టు కాదు, మనల్ని ఎవరో ఎక్కించినట్టు అని వాదిస్తున్నాడట. ముగ్గురి అనుభవమూ జిమ్ములో ప్లాస్టిక్ పట్లు పట్టుకుని గోడలెక్కడం వరకే. నేను ముప్పై ఏళ్లు కాగితం మిల్లులో పనిచేసినవాణ్ణి. నేను ఎక్కిన ఎత్తల్లా మాణిక్‌గఢ్ కోట, అదీ సగం దూరం జీపులో. ఖర్చు సంగతి పక్కన పెట్టి, ఆ కుర్రాడి మాటలో న్యాయం ఉందో లేదో చెప్పండి.

రాజూరా, విశ్రాంత గని సర్దారు

అన్నగారూ, భూగర్భ గనిలో షిఫ్టు మొదలయ్యే ముందు కార్మికులు బయటే ఆగుతారు, వాళ్ల భద్రత చూసే సర్దారు ఒక్కడే టోపీ లైటుతో ముందుకు వెళ్లి చేతికర్రతో రూఫ్ బండను తట్టి చూస్తాడు. గట్టి బండ ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయిన బండ ఖాళీ కుండను తట్టినట్టు బోలుగా మోగుతుంది. ఆ చప్పుడు వినిపిస్తే ఆ చోటుకు ఎవరినీ పోనివ్వడు. బండను పడగొట్టించడమో, కింద దిమ్మెలు పెట్టించడమో జరిగాకే పని మొదలవుతుంది. అంతమాత్రాన బొగ్గు తవ్వింది కార్మికుడు కాదు, సర్దారు అని ఎవరైనా అంటారా?

మా మనవరాలిని చేర్పించడానికి భువనగిరిలోని రాక్ క్లైంబింగ్ శిక్షణకు ఒకసారి వెంట వెళ్లాను. అక్కడి శిక్షకుడు పిల్లను బండమీదికి పంపే ముందు ఒక పెచ్చును అరచేతి మడమతో తట్టి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే అది అచ్చంగా నా ఉద్యోగమే. పదమూడేళ్ల వయసులో 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మలావత్ పూర్ణ ఓనమాలు దిద్దింది ఆ బండమీదే. 2018 మేలో మన చంద్రపూర్ జిల్లా గిరిజన ఆశ్రమ పాఠశాలల విద్యార్థులు ఐదుగురు అదే శిఖరానికి చేరారు. ఆ దారి పొడవునా తాళ్లు బిగించింది అక్కడి కొండ గైడులే. అయినా ఆ పిల్లలు ఎక్కలేదనే మాట మన జిల్లాలో నేనైతే వినలేదు.

సిరొంచ అమ్మాయి, ప్రస్తుతం నాగపూర్

సర్దారుగారూ, మీ పోలిక బాగుంది కానీ ఒకచోట కుదరదు. గనిలో కార్మికుడు సర్దారు కావాలనుకుని దిగడు, పని చేసి ఇంటికి పోదామనుకుంటాడు. కొండ ఎక్కేవాడికి ఎక్కడమే పని, దారి వెతకడమూ ఆకాశం చూసి వెనుదిరగడమూ అందులో భాగమే. గైడు వెంట ఉన్నప్పుడు ముందుగా ఎక్కేదీ, పగుళ్లలో పరికరాలు బిగించేదీ, ముడి సరిచూసేదీ ఆయనే. వెనుక వచ్చేవాడికి తాడు పైనుంచి ఉంటుంది కాబట్టి కాలు జారినా పెద్దగా పడడు.

నా సంగతే చెబుతాను. సహ్యాద్రిలో మూడు శీతాకాలాలు అనుభవజ్ఞుల వెనుక ఎక్కాను. నాలుగో ఏడు నేను ముందుండి ఎక్కినప్పుడు, పది మీటర్లు పోయాక తదుపరి పట్టు కుడివైపా ఎడమవైపా అన్న చిన్న నిర్ణయం దగ్గర పిక్కలు కుట్టుమిషను సూదిలా ఆడాయి. చేతుల్లో బలానికి లోటు లేదు, కానీ అంతవరకు నిర్ణయం అనేదాన్ని నేను ఎప్పుడూ తీసుకోలేదు.

గ్రాండ్ టీటన్ మీద గైడులు ఎక్కువగా తీసుకుపోయే దారుల్లో ఎక్సమ్ రిడ్జి అనే కొండ వెన్ను ఒకటి. 1931లో పాల్ పెట్జోల్ట్ అనే గైడు తన ఖాతాదారులతో మామూలు దారిన పోతూ, తన సహాయకుడైన గ్లెన్ ఎక్సమ్‌ను ఈ రిడ్జి ఎలా ఉందో చూడమని పంపాడు. ఎక్సమ్ కాళ్లకున్నవి పెట్జోల్ట్ దగ్గర అరువు తీసుకున్న, తనకు పెద్దవైన ఫుట్‌బాల్ బూట్లు. వాల్ స్ట్రీట్ అని పిలిచే వెడల్పాటి అరుగు చివర ఖాళీ కనిపించేసరికి చాలాసేపు తటపటాయించి, తాడు లేకుండా ఒక్కడే దూకాడు. గైడు లేకుండా ఎక్కిన మనిషి పేరున్న దారిలో గైడు ఉంటేనే నడవాలనడం నాకు వింతగా ఉంది. ఇంకొకటి: డబ్బు తీసుకున్నవాడికి ఖాతాదారును శిఖరం చేర్చాలనే ఒత్తిడి ఉంటుంది. అది ఆయన తీర్పును మబ్బు కమ్మించదా?

రాజూరా, విశ్రాంత గని సర్దారు

ఎక్సమ్ దూకిన రోజున పిడుగు పడి ఉంటే ఆ రిడ్జికి ఇంకెవరి పేరో ఉండేదమ్మా. అక్కడ వేసవి మధ్యాహ్నాల్లో పిడుగులు మామూలు. 2010 జూలై 21న పైభాగంలో ఉన్న 17 మంది పిడుగుల బారిన పడితే ఒకరు చనిపోయారు, మిగిలినవారిని జెన్నీ లేక్ రేంజర్లు, అంటే పార్కు రక్షక సిబ్బంది, హెలికాప్టరుతో దించారు. అందుకే 3,500 మీటర్ల దగ్గర లోయర్ శాడిల్ అనే కనుమలో పడుకున్నవాళ్లు అర్ధరాత్రి దాటాక లేచి, తెల్లవారేలోపే బయలుదేరి, మధ్యాహ్నానికి దిగువన ఉండాలని చూస్తారు. వాల్ స్ట్రీట్ ఖాళీ దాటాక వెనక్కు రావడం కష్టం కనుక పోవాలా మానాలా అన్నది దానికి ఇవతలే తేలిపోవాలి. జిమ్ములో నేర్చినవాడికి మబ్బు చదవడం ఎవరు నేర్పారు? నువ్వు చెప్పిన తటపటాయింపు పది మీటర్ల మీద వచ్చింది కాబట్టి సరిపోయింది. నీ డబ్బు ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. గనిలోనూ టన్నుల లెక్క చూపాలని పైనుంచి ఒత్తిడి వచ్చేది, దానికి లొంగిన సర్దార్లనూ చూశాను.

బల్లార్షా నుంచి ఒక తండ్రి

మీ ఇద్దరి మాటలూ అబ్బాయికి ఫోనులో చదివి వినిపించాను. గైడుతోనే వెళ్తారట. కొత్తవాళ్లు శిఖరానికి ముందు కింద శిక్షణ తరగతులు పూర్తి చేయాలట, అందులో చాలరనిపిస్తే పైకి తీసుకుపోరట. సిరొంచ అమ్మాయి మాట పట్టుకుని, వాల్ స్ట్రీట్ దగ్గర ముందుగా తమనే ఆకాశం చూసి పోవాలో వద్దో చెప్పనివ్వమని, ఆ తర్వాతే గైడు తన మాట చెప్పాలని అడుగుతారట. మొండికేసిన మూడోవాడు ఒప్పందం కాగితం చదివాకే మెత్తబడ్డాడట. వాతావరణం బాగాలేక మధ్యలో తిరిగివచ్చినా కట్టిన రుసుము వాపసు ఇవ్వరని అందులో రాసి ఉంది. అది చూసి ఎవరైనా వెనక్కు తగ్గుతారు గాని, వీడు ముందుకు రావడమేమిటో నాకు బోధపడలేదు.

సిరొంచ అమ్మాయి, ప్రస్తుతం నాగపూర్

తిరిగివచ్చినా గైడు కూలి పోదు కదా, బాబాయిగారూ. ఇక ఆయన వెనక్కు తిప్పడానికి జంకడు. డబ్బు ఒత్తిడి గురించి నేనడిగిన ప్రశ్న వాపసు తీసుకుంటున్నాను, నిర్ణయాలన్నీ గైడువే అయితే మనం ఎక్కినట్టా అన్న మొదటి మాట మాత్రం అలాగే ఉంది.